ఓడువాని విద్య

అమెరికాలో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అను సంస్థ సోమవారము రాత్రి జరుపు 'రా' అను కుస్తీ ప్రదర్శన మన గడియారములకు మంగళవారము తెల్లవారుజామున చేరును. ఆ వేళకు లేవలేనివారికై పునఃప్రసారములుండెడివి. ఇప్పుడు చేతిలోని ఫోనే చాలును. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, గద్వాల పట్టణములలో కేబుల్ తీగలు ఇండ్ల కప్పులమీదుగా అల్లుకొనిన కాలము మొదలుకొని పిల్లలు ఈ కుస్తీని కన్నార్పక చూచుటయు, "అదంత ఉత్తుత్తి కొట్లాటరా" అని పెద్దలు గద్దించుటయు, ఆ గద్దింపువలన పిల్లలకు గాని కుస్తీకి గాని కించిత్తైనను నష్టము కలుగకుండుటయు మనమెఱిగినదే. ఆ దినములలో కిరాణా దుకాణములందు ట్రంపు కార్డులు దొరకెడివి. ఒక్కొక్క కార్డుమీద ఒక్కొక్క పహిల్వాను బొమ్మయు, వాని యెత్తు, బరువు, ఛాతీ కొలత, కండ కొలత, ర్యాంకును అచ్చువేయబడియుండును. పెద్ద అంకె గలవాడు చిన్న అంకె గలవాని కార్డును హరించును. ఆ ఆటలో అంకెయే విధాత. టీవీలోని కుస్తీయందన్ననో, ఛాతీ కొలతకు గెలుపుతో సంబంధమే లేదు. అచట ఎవడు గెలువవలెనో, ఎన్ని నిమిషములకు గెలువవలెనో, గెలుచుటకు ముందు ఎంత ఏడ్వవలెనో నిర్ణయించి వ్రాయువారు తెరవెనుక కూర్చుండియుందురు.

పెద్దల మాట సగము నిజమే. ఈ గుట్టును దశాబ్దములు కాపాడుకొనిన వృత్తివారు 1989 ఫిబ్రవరిలో న్యూజెర్సీ రాష్ట్రపు సెనేటు ఎదుట తమది క్రీడ కాదు, వినోదమేయని తామే ఒప్పుకొనిరి. క్రీడయనిపించుకొన్నచో ప్రభుత్వ క్రీడాసంఘపు పర్యవేక్షణయు, ప్రసారాదాయముపై పన్నును మీదబడును గనుక సత్యము పలుకుటలోనే లాభము కనబడినది. సత్యవాక్కునకు ఇంత లౌకికమైన ప్రేరణ హరిశ్చంద్రుని కథలో కానరాదు.

మిగిలిన సగమును పెద్దలు చూడలేదు. ఒకడు మఱియొకనిని భుజముల యెత్తునకు లేవనెత్తి నేలకు విసరుటను దగ్గఱగా గమనింపుడు. ఎత్తువాని బలము అందులో సగమే. ఎత్తబడువాడు సరియైన క్షణమున తానే కొంత ఎగిరి, ఎత్తువాని దేహమునే ఊతగా గొని పైకి చేరును. పడునపుడు గడ్డమును ఱొమ్మునకు హత్తించి, తల వెనుకభాగము తగులనీయక, వీపు వెడల్పంతయు ఒక్కసారిగా తాకునట్లు, చేతులు రెండును చాచి చరచుచు పడును. ఇనుప దూలములపై చెక్కపలకలు, పలకలపై పలుచని మెత్త, దానిపై బిగించిన కాన్వాసు గుడ్డ: ఇంతే ఆ రింగు. క్రింద బోలుగా నుండుటచేత దెబ్బకు మించిన ధ్వని పుట్టును. అయినను పలక పలకయే, వెన్నెముక వెన్నెముకయే. ఈ పతనమును ఏడాదికి వందలమాఱులు చేయుచు మోకాళ్లు, మెడ, నడుము పాడుచేసికొనినవారెందఱో కలరు. పడినవాడు తనకు కలిగిన బాధను కొంత దాచి, కలుగని బాధను కొంత ప్రదర్శించి, ఎదుటివాని దెబ్బకు విలువ కట్టవలెను. అతడు విలువ కట్టనిచో కొట్టినవాడెంత బలశాలియైనను ప్రేక్షకుల కంటికి నటుడే; విలువ కట్టినచో సామాన్యుడును భీముడగును. నా మట్టుకు ఈ విద్యలో ప్రధానపాత్ర గెలుచువానిది కాదు, ఓడువానిది.

నిజమైన కుస్తీకి ఇన్ని హంగులేలయని యడుగవచ్చును. తెలంగాణమున, విశేషించి కన్నడ మహారాష్ట్ర సరిహద్దుల గ్రామములలో, జాతర కుస్తీలు నేటికిని కలవు. తొలి జోడీకి కొబ్బరికాయ పందెము; జోడీ జోడీకి పందెము పెరుగుచు కడపటి జోడీకి వెండికడియము. వీపు నేలకానిన ఓటమి. అచట పట్టు నిజము, పంతము నిజము, గెలుపు నిజము. కాని నిజమునకొక దోషము కలదు: అది ప్రేక్షకుల యోపికను లెక్కచేయదు. గామా పహిల్వాను 1910 సెప్టెంబరు 10న లండను నగరమున పోలండు దేశపు జబిస్కోతో తలపడినపుడు, జబిస్కో చాపకు కఱచుకొని రెండున్నర గంటలకు పైగా బోర్లపడియుండ, గామా అతనిని వెల్లకిల త్రిప్పలేక, కుస్తీ ఫలితము తేలకయే ముగిసెను. పదునెనిమిదేండ్ల తరువాత, 1928లో, పటియాలాలో ఆ యిద్దఱే మరల కలిసిరి. నిమిషమైనను నిండకమునుపే గామా జయించెను. మొదటిసారి జనులు విసుగుతో చచ్చిరి, రెండవసారి తలపాగ సవరించుకొనువాడు కుస్తీనే చూడలేకపోయెను. మహామల్లుల సత్యమైన పోటీకిని మంచి ప్రదర్శనకును ఇంత దూరము కలదు.

ఆ దూరమును పూడ్చినవారు అమెరికావారు. 1920ల ప్రాంతమున ఎడ్ లూయిస్ అను మల్లుడును, బిల్లీ శాండో అను మేనేజరును, టూట్స్ మాంట్ అను వ్యూహకర్తయు ఒక ముఠాగా ఏర్పడి, గంటల తరబడి చాపమీద పొరలుటకు స్వస్తి చెప్పి, కాలపరిమితి పెట్టి, విసరుళ్లు, గుద్దుళ్లు, ఉఱుకులు చేర్చి, ఒకే మల్లుల బృందమును ఊరూర త్రిప్పుచు, నేటి ఊరిలో మిగిలిన పగను రేపటి ఊరిలో తీర్చుకొనునట్లు కథ కట్టిరి. తరువాత టీవీ వచ్చెను. 1940ల చివర 'గార్జియస్ జార్జి' అనువాడు, ఒడలికన్న మిన్నగా వేషమును పోషించి, ఉంగరాల జుట్టునకు బంగారు రంగు పూయించి, జిలుగుటంగీ తొడిగి, సేవకుడు ముందు నడచుచు అత్తరు చల్లుచుండ రింగునకు వచ్చెడివాడు. జనులు వానిని మనసార ద్వేషించిరి. ద్వేషించుటకై టీవీ కొని చూచిరి. మన దేశమున దారాసింగు ఫ్రీస్టైల్ కుస్తీలతో గడించిన కీర్తిని సినిమాలకు తెచ్చి, 1987లో టీవీ రామాయణమున హనుమంతుడై ఇంటింట వెలసెను. తెలుగునాట అంతకు ముందే వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కసు నడపి, ఱొమ్ముపై ఏనుగునెక్కించుకొని, ఇనుపగొలుసులు తెంచి కలియుగ భీముడనిపించుకొనెను. బలమును ఉన్నదానికన్న పెద్దదిగా చూపించు నేర్పు బలముకంటె వేఱైన విద్యయని ఆయన తెలిసికొనెను.

ఈ వేషవిద్య మనకు కొత్తయని తలంపరాదు. పాలమూరు నల్లగొండ పల్లెలలో చిందు భాగోతము చూచినవారికి గార్జియస్ జార్జిని వివరింపనక్కఱలేదు. అచట రాజు ఊరక వచ్చి నిలువబడడు. ఇద్దఱు తెర పట్టుకొని నిలువబడగా, దాని వెనుక గజ్జెల సవ్వడి మాత్రము వినబడును. మద్దెల తాళములు ప్రవేశదరువునందుకొనును. తెర మీద కిరీటపు కొన కనబడి మాయమగును. జనుల నిరీక్షణ తెగువఱకు ఆ తెర దిగదు. దిగినపిదప తానెవ్వడో, ఎవని కుమారుడో, ఎంతటి పరాక్రమశాలియో రాజు తానే చెప్పుకొనును; చెప్పుకొనునట్లు ప్రక్కనున్నవాడు ప్రశ్నించును. నడుమ బుడ్డర్‌ఖాను వచ్చి, రాజు గంభీరతనంతయు వెక్కిరించి నవ్వించి పోవును. డబ్ల్యు.డబ్ల్యు.ఇ.లోనిదియు ఇదియే వరుస. ఒక్కొక్క మల్లునికి ఒక్కొక్క దరువు ఏర్పడియున్నది. అండర్‌టేకరు అను మల్లుని రాకకు దీపములారి గంట మ్రోగెడిది, తరువాత అతడు నడచిన ఆ కొద్దిదూరమునకు కొన్ని నిమిషములు పట్టెడిది. మైకు చేతబట్టి తన ప్రతాపమును చాటుకొనుట అచట మల్లుని ముఖ్యవిద్యలలో ఒకటి. పట్టులన్నియు వచ్చియు ఆ నాలుగు మాటలు సరిగా పలుకలేక మరుగున పడినవారు కలరు. పట్టులు నాలుగే వచ్చియు మాటతోనే మహారాజులైనవారును కలరు. చిందు భాగోతమున కథ ఎట్లు ముగియునో తెలియనివాడు ప్రేక్షకులలో ఒక్కడును ఉండడు. సావిత్రి భర్తను బ్రదికించుకొనునని తెలిసియే తెల్లవారువఱకు కూర్చుందురు. ముగింపు తెలియుట ప్రదర్శనకు విఘ్నమన్న వాదము మన పల్లెలలో ఎన్నడును చెల్లలేదు.

ఆ ప్రవేశములలో ఒకటి ప్రాణాంతకమైనదని చెప్పక తప్పదు. 1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్టు అను మల్లుని స్టేడియము పైకప్పునుండి త్రాటితో రింగులోనికి దింపబోగా కొక్కెము విడిపోయి, అతడు క్రిందపడి మరణించెను. ఆ రాత్రి ప్రదర్శనను ఆపక కొనసాగించిరి. ఆ నిర్ణయమును నేనెన్నటికిని సమర్థింపజాలను.

ఇక పోటీ నడక. ఆ వృత్తివారు దీనిని నాలుగు అంకములుగా భావింతురు. మొదట నాయకుడు ప్రత్యర్థిని ఆడించి తన చాకచక్యము చూపును. జనులకు కొంచెము ఉల్లాసము. పిదప ప్రతినాయకుడు కపటముతో, రిఫరీ చూపు మఱలినపుడు కంటిలో పొడుచుటయో, త్రాటిమీద కాలుంచి పట్టును బిగించుటయో చేసి, పైచేయి పొందును. ఇదియే దీర్ఘమైన ఘట్టము. నాయకుడు మాటిమాటికి లేవబోయి మాటిమాటికి పడును. అతని యొక కాలుననో భుజముననో నొప్పియని ముందే స్థాపించి, ప్రతినాయకుడు దానినే మరల మరల పీడించును. జనుల కోపము మరుగునంతవఱకు మరుగనిచ్చి, అప్పుడు నాయకుడు తిరుగబడును. ఆ తిరుగుబాటు వేగముగా సాగును. కడపట ప్రతి మల్లునికి పేరుతో ఏర్పడియున్న బ్రహ్మాస్త్రము ప్రయోగింపబడి, రిఫరీ చాపను మూడుమాఱులు చరచును. రెండున్నరకు భుజమెత్తి తప్పించుకొనుటయే ఈ విద్యలో రుచికరమైన భాగము. ఒక్కసారి తప్పించుకొన్నచో జనులు ఉలికిపడుదురు, ఆఱుసార్లు తప్పించుకొన్నచో ఆవులింతురు.

టీవీ ఈ నడకను మఱికొంత మార్చెను. వ్యాపార ప్రకటనలు వచ్చు వేళకు నాయకుడు రింగు బయట పడియుండుట మీరు గమనించియే యుందురు. ప్రకటనలలో సబ్బులు, బైకులు అమ్ముడగుచుండగా స్టేడియములోనివారికి ఆ నలుగుడు ఘట్టము సాగుచుండును. ఇంటివారు తిరిగివచ్చువేళకు నాయకుడు ఇంకను బాధలోనేయుండును, ఇంటివారేమియు కోల్పోలేదు. రిఫరీ చెవిలోని చిన్న పరికరమునకు లోపలినుండి సమయము చెప్పబడును; అతడు పడియున్నవాని చేయియెత్తి స్మారకమున్నదో లేదో పరీక్షించు నెపమున ఆ వార్తను చెవిలో వేయును. మల్లులిద్దఱు మెడపట్టులో నుండి, జుట్టు ముఖము కప్పియుండగా, తరువాతి పట్టేదో గుసగుసలాడుకొందురు. అంతా ముందే వ్రాసికొనినదని కొందఱనుకొందురు గాని, ముగింపు తప్ప తక్కినదానిలో చాలభాగము జనుల కేకలను విని అప్పటికప్పుడు అల్లునదే.

జోడీ కుస్తీలలో ఈ విద్య మఱింత స్ఫుటముగా కనబడును. ఒక నాయకుడు లోపల నలుగుచుండ, రెండవవాడు మూలనున్న త్రాడు పట్టుకొని చేయి చాపి నిలుచును. లోపలివాడు మోకాళ్లమీద ప్రాకుచు వచ్చి, వ్రేళ్లు తగులబోవు క్షణమున వెనుకకు లాగబడును. ఇట్లు రెండు మూడు భంగములు. చేయి చేతికి తగిలినపుడు జనులందఱు లేచి నిలుతురు. అప్పుడు లోనికి వచ్చినవాడు చూచినవారినెల్ల కొట్టును. ఆ కేకలు నలిగినవాడు సంపాదించినవి, అందుకొనువాడు వచ్చినవాడు. ఒకనిని తారగా చేయుట అనగా ఇదియే.

పెద్ద ఉదాహరణము మన దేశపువాడే. హిమాచల ప్రదేశమువాడును, పంజాబు పోలీసు ఉద్యోగియు అయిన దలీప్ సింగ్ రాణా 'గ్రేట్ ఖలీ' యను పేర 2006 ఏప్రిలులో డబ్ల్యు.డబ్ల్యు.ఇ.లో ప్రవేశించినపుడు ఆయనకు పొడవు కలదు గాని పట్టుల నైపుణ్యము లేదు. మే నెలలో అండర్‌టేకరు ఆయనకు ఓడిపోయెను. పదునైదేండ్లు మృత్యువే తానైనట్లు నడచినవాడు ఖలీ కాలిక్రింద అచేతనుడై పడియుండగా, ఆ ఒక్క రాత్రితో ఖలీ పెద్దవాడాయెను. మఱుసటి ఏడు జులైలో ప్రపంచ హెవీవెయిట్ బెల్టును దాల్చెను. ఆ అండర్‌టేకరే రెసిల్‌మేనియా యను వార్షికోత్సవమున ఇరువదియొక్క పోటీలు వరుసగా గెలిచి, 2014 ఏప్రిల్ 6న బ్రాక్ లెస్నరునకు ఓడినపుడు, ఆ విశాలమైన స్టేడియమున నోరు తెఱచి చూచినవారే తప్ప అఱచినవారు తక్కువ. ఇరువదేండ్లకు పైగా కూడబెట్టిన ధనమును ఒక్కనికి ధారపోసినట్లే. అందఱికిని ఇది ఫలింపదు. జిందర్ మహల్ అను మల్లుడు ఏండ్ల తరబడి ఓడువానిగానే యుండి, 2017 మే 21న హఠాత్తుగా ప్రధానమైన బెల్టును పొందెను. భారత విపణిపై సంస్థ కన్నువేసినందువలననే ఇది జరిగెనని అందఱు తలంచిరి. అతనిని బలవంతుని చేయుటకు తగినన్ని ఓటములు ఇతరులచే చేయింపకయే కిరీటము పెట్టిరి. నవంబరులో అది జారిపోయెను.

2023 సెప్టెంబరు 8న ఆ సంస్థ హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియమున ప్రదర్శన జరిపినపుడు ఈ సూత్రములన్నియు ఒకేచోట మనవారి కన్నులయెదుట ఆడెను. జాన్ సీనా, సెత్ రాలిన్సు జోడీకట్టి ఇంపీరియం జట్టువారైన లుడ్విగ్ కైజర్, జోవానీ విన్చీలను ఓడించిరి. సీనాకై వచ్చినవారు సీనా గెలువగా చూచి పోయిరి. అంతకన్న నాకు ఆసక్తికరమైనది మఱియొకటి. ఇంపీరియం నాయకుడు, ఆస్ట్రియా దేశపు గుంతర్, ఇంటర్‌కాంటినెంటల్ బెల్టును హర్యానావాడైన శాంకీయెదుట పణముగా పెట్టెను. ఆ బెల్టును ఏకధాటిగా దాల్చుటలో 1988 నుండి చెక్కుచెదరక నిలిచిన 454 దినముల రికార్డును గుంతర్ దాటినది సరిగా ఆ దినములలోనే. అట్టివానిని శాంకీ గెలుచునని నమ్మినవారు ఆ సభలో ఎంతమందియుందురు? అయినను ఏడడుగుల మనవాడు నిలువబడి యెదుర్కొనుచుండ కేకలు మిన్నంటెను. శాంకీ ఓడెను. రెండువారములు తిరుగకమునుపే ఉద్యోగము కోల్పోయినవారి పట్టికలో అతని పేరు చేరెను. ఓడువాని విద్యకు వేతనము కలదు గాని భద్రత లేదు.

గుంతర్ అంతటివాడెట్లాయెనో తెలియవలెనన్న ఓడినవారిని చూడవలెను. హైదరాబాదు ప్రదర్శనకు నాలుగు దినములకు ముందు టీవీలో చాడ్ గేబుల్ అను పొట్టి మల్లుడు అతనితో తలపడెను. గేబుల్ ఒలింపిక్సున అమెరికా పక్షమున నిజమైన కుస్తీపట్టినవాడు. పట్టులలో గుంతరునకు తీసిపోడు. ఇక గెలిచెననిపించి గెలువక ఓడినపుడు కెమెరా రింగు ప్రక్క కూర్చుండిన అతని చిన్న కూతురివైపు తిరిగెను. ఆ పిల్ల వెక్కివెక్కి యేడ్చుచుండెను. ఫలితము నిర్ణీతమని ఆ పిల్లకెవ్వరు చెప్పిరో, చెప్పలేదో; కన్నీరు మాత్రము కన్నీరే. గుంతర్ క్రూరుడన్న మాటకు వేయి ప్రసంగములవలన కలుగని నమ్మకము ఆ చిత్రమువలన కలిగెను.

ఆ క్రూరుని పడగొట్టు భాగ్యము సామీ జేను అను మల్లునికి దక్కెను. ఆయనయు ఆ హైదరాబాదు రాత్రి కెవిన్ ఓవెన్సుతో జోడీకట్టి ఇక్కడ పోరినవాడే. 2024 ఏప్రిల్ 6న ఫిలడెల్ఫియాలో, రెసిల్‌మేనియాలో, బెల్టు పొందిన 666వ దినమున గుంతర్ జేనుకు ఓడెను. ఆ పోరుకు ముందు వారములలో జేనుకు శిక్షకుడై, గుంతరును ఎదుర్కొను పట్టులు నేర్పినవాడు చాడ్ గేబుల్. గేబుల్, జేను గెలిచినందుకు సంతోషించి, ఏప్రిల్ 15న మాంట్రియలున అతనితోనే బెల్టుకై తలపడి, మరల ఓడి, కరచాలనము చేసి వీడ్కోలు పలుకుచున్నట్లు నటించి, వెనుకనుండి అతనిపై పడి చావమోదెను. ఆనాటితో గేబుల్ విలనాయెను.